నేలమాళిగలో పసుపు ఆకులు

పాస్‌మోర్,
ఫిబ్రవరి 26, మంగళవారం

ప్రియమైన ఫెన్యాకి,

ఇక్కడ నేను, మన పొయ్యి, పక్కింటి మాలాష అవ్వ ముగ్గురం ఒకరినొకరు కనిపెట్టుకుంటూ క్షేమంగానే ఉన్నాం. అక్కడ సస్కాచివాన్ చలిలో నువ్వూ, మీ అక్క నస్త్యా కూడా కులాసాగా ఉన్నారని తలుస్తున్నాను. నీ మూడో ఉత్తరం శుక్రవారం అందింది. అప్పటినుంచి అది నా చొక్కా జేబులోనే ఉంది. నస్త్యా చేతికర్ర పట్టుకుని కిటికీ దాకా నడిచిందని చదివి సంతోషించాను. తుంటి విరిగిన మనిషి రెండు నెలల్లో కిటికీ దాకా వచ్చిందంటే, ఏప్రిల్‌కి తోటలో దిగుతుంది. దిగి నిన్ను పని చేయనివ్వకుండా వెనక నిలబడి తప్పులు పడుతుంది. అప్పుడు బండెక్కి వచ్చెయ్యి.

నువ్వు అడిగినవి వరసగా చెబుతాను. పైకప్పు మీద మంచు రెండుసార్లు లాగేశాను. నిచ్చెన ఎక్కలేదు, కింద నిలబడి పొడుగు కర్రతోనే లాగాను. ఆదివారాలు ప్రార్థనకి వెళ్తున్నాను, చెవిలో మిషను పెట్టుకునే వెళ్తున్నాను. బోర్ష్ సూపు వండుకుంటున్నాను. నీ చేతి చిక్కదనం రాలేదు కానీ మీగడ, సోయకూర ఎక్కువ వేసి సర్దుకుంటున్నాను. ఫోన్ ఎందుకు ఎత్తవని అడిగావు. ముప్పై ఏళ్ళు రంపాల పక్కన నిలబడిన చెవులు ఇవి. ఫోన్లో నీ గొంతు నాకు తలుపు అవతలినుంచి ఎవరో మాట్లాడినట్టు వినిపిస్తుంది. ఉత్తరంలో అయితే దగ్గర కూర్చుని మాట్లాడతావు.

ఇక నీ చివరి ప్రశ్న. దాన్ని రెండు గీతలు కిందగా గీసి మరీ రాశావు. "మొక్కలు బాగున్నాయి అని మూడు ఉత్తరాల్లోనూ అవే రెండు మాటలు రాశావు. బాగున్న మొక్క గురించి మనిషి అంత తక్కువ రాయడు. ఆకులు ఎలా ఉన్నాయి? పసుపెక్కితే కిందివా, పైవా? ఆకు ఈనెల నడుమనా, అంచులా? దాచకుండా చెప్పు."

చెబుతాను ఫెన్యా. నిదానంగా చెప్పనివ్వు.

నువ్వు డిసెంబరు ఇరవై ఎనిమిదిన వెళ్ళావు. ఆ సాయంత్రమే మొదటిసారి ఆ నేలమాళిగ మెట్లు దిగాను. ఆరేళ్ళుగా ఆ తలుపు ముందునుంచి నడుస్తున్నాను, లోపలికి తొంగి చూసింది లేదు. మీ తమ్ముడి జబ్బు కోసమని, డాక్టరు కాగితం, ప్రభుత్వం కాగితం రెండూ గోడకి అంటించి నువ్వు పెంచుతున్నావని తెలుసు. అయినా నా నోటికి పొగ అంటనివ్వలేదు, మందు అంటనివ్వలేదు, మా నాన్నా అంతే. అలాంటి ఇంట్లో గంజాయి ఏమిటని నేను మొహం తిప్పుకున్నాను. నువ్వు నన్ను ఒక్కసారి కూడా రమ్మనలేదు. ఆ తలుపు దగ్గర నా చెప్పులకి అడ్డం లేకుండా నీ చెప్పులు పక్కకి జరిపి పెట్టుకునేదానివి.

తలుపు తీసేసరికి గులాబీ రంగు వెలుతురు. తొమ్మిది బకెట్లు, తొమ్మిది మొక్కలు, మట్టి లేదు. కాల్చిన మట్టి గుళికల మధ్య కాండాలు నిలబడి ఉన్నాయి, అడుగున నీళ్ళలో బుడగలు. గాలి గోరువెచ్చగా, పచ్చివాసనతో ఉంది. నా చెవులకి చాలా చప్పుళ్ళు అందవు కానీ ఆ పంపు మూలుగు మాత్రం కాళ్ళలోంచి ఎక్కింది. బయట మంచు మోకాలు లోతున ఉంటే లోపల జులై నెల. కాసేపు నేను ఎక్కడున్నానో తెలియలేదు. నది అడుగున నడుస్తున్నట్టు, పైన ఎక్కడో సూర్యుడు ఉన్నట్టు అనిపించింది.

నీ నోటు పుస్తకం ప్రకారమే అన్నీ చేశాను. పొద్దున్నే నీళ్ళు కొలవడం, తగ్గినంత పోయడం, ఎరువు సీసాలు ఒకటీ రెండూ మూడూ వరసలో కలపడం, పులుపు చూసే పెన్ను ముంచి అంకె రాయడం. అంకె అయిదున్నర, ఆరు మధ్య ఉండాలని, అది దాటి పైకి పోతే పులుపు చుక్కలు వెయ్యాలని రాశావు. పెన్ను రోజూ అయిదు పాయింటు ఎనిమిదే చూపించింది. రోజూ అదే రాశాను. చుక్కల సీసా మూత తియ్యవలసిన పనే పడలేదు. మన కొండ బావి నీళ్ళు ఎంత బుద్ధిగా ఉన్నాయో అనుకున్నాను.

జనవరి ఇరవై నాలుగు, గురువారం. మీ తమ్ముడు మిట్యా ఎప్పటిలాగే వ్యానులో వచ్చాడు. డ్రైవరు చక్రాల కుర్చీ దింపి, మూడు గంటలకి వస్తానని వెళ్ళిపోయాడు. మిట్యా రెండు గిన్నెలు బోర్ష్ తాగాడు. చేతులు ఆ రోజు కొంచెం నయంగా ఉన్నాయి, చెంచా వణకలేదు. తిని, మూతి తుడుచుకుని అన్నాడు.

"బావా, నన్ను కిందికి తీసుకెళ్తావా?"

"ఎక్కడికి కిందికి?"

"అక్క ఆరేళ్ళుగా నాకోసం పెంచుతోంది. నేను ఒక్కసారి కూడా చూళ్ళేదు. మెట్లు దిగలేనని అక్క ఎప్పుడూ మాట దాటేస్తుంది."

"మెట్లు నిటారుగా ఉంటాయిరా."

"నీ వీపు అంతకంటే నిటారుగా ఉంది. ఎక్కించుకో."

ఎక్కించుకున్నాను. మనిషి తేలికైపోయాడు ఫెన్యా. మిల్లులో నాతోపాటు దుంగలు దొర్లించినవాడు, ఇప్పుడు తడిసిన కోటంత బరువున్నాడు. పదమూడు మెట్లు దిగి, ఆ గులాబీ వెలుతురులో నీ చెక్క స్టూలు మీద కూర్చోబెట్టి, పడిపోకుండా వెనకనుంచి పట్టుకున్నాను. వాడు తొమ్మిది బకెట్లనీ ఒక్కొక్కటిగా చూశాడు. తర్వాత దగ్గరున్న కొమ్మ వంచి ఒక ఆకుని చెంపకి ఆనించుకున్నాడు.

"ఇవేనా," అన్నాడు. "రాత్రిళ్ళు బిగుసుకుపోయే నా కాళ్ళని విప్పేవి ఇవేనా."

మళ్ళీ వీపు మీద ఎక్కించుకుని మెట్లెక్కుతుంటే, సగం మెట్ల దగ్గర పాడటం మొదలుపెట్టాడు. మీ అమ్మ పొద్దున్నే పాడే ఆ పాత కీర్తన. మిట్యా గొంతు ఎంత లోతుదో నీకు తెలుసు. ఎక్కేటప్పుడు జారుతుందని చెవిలో మిషను తీసి జేబులో వేసుకున్నాను. అయినా విన్నాను. వాడి రొమ్ము నా వీపుకి ఆనుకుని ఉంది కదా, ఆ పాట నా పక్కటెముకల్లోకి వచ్చింది. మూడు మెట్లు ఎక్కి ఆగాను. అలసి ఆగానని వాడు అనుకుని ఉంటాడు.

వాడు వెళ్ళాక కిందికి దిగి, నాలుగు ఆకులు తుంచి పైకి తెచ్చాను. ఆ దీపాల కింద రంగు తెలియదని నువ్వు రాశావు కదా, అక్కడ పచ్చదీ, పసుపుదీ అన్నీ బూడిద రంగులోనే కనిపిస్తాయి. వంటింటి కిటికీ దగ్గర, మంచు వెలుగులో వరసగా పేర్చాను. అప్పుడు కనిపించింది. నువ్వు అడిగినట్టే చెబుతాను. కింది ఆకులు ఈనెల మధ్య పసుపు, ఈనెలు మాత్రం పచ్చగా, చేపముల్లు గీసినట్టు. మధ్య ఆకుల మీద తుప్పు చుక్కలు. కొనలో కొత్తగా పుట్టిన ఆకు మొదలు దగ్గర పాలిపోయి నిమ్మపండు రంగు. అంచులు కొంచెం పైకి లేచి దోనెలా వంగాయి.

మిల్లులో నేను పలకలు చూసి గుర్తులు వేసినవాణ్ణి. ముడి ఎక్కడ, పగులు ఎక్కడ, పుచ్చు ఎక్కడ అని క్షణంలో చెప్పేవాణ్ణి. ఆ ఆకుల ముందు మాత్రం మధ్యాహ్నమంతా కూర్చున్నాను. నీ పుస్తకం వెనక పేజీల్లో రాసినవి చదివాను. కిందివి ఈనెల మధ్య పసుపెక్కితే మెగ్నీషియం చాలలేదని. తుప్పు చుక్కలకి కాల్షియం. కొత్త ఆకు పాలిపోతే ఇనుము. మూడూ ఉన్నాయి. మూడిటికీ మందు వేశాను. మెగ్నీషియం కోసం ఎప్సం ఉప్పు కలిపాను, ఆకుల మీద చల్లాను. కాల్షియం సీసా పోశాను. ఇనుము పోశాను. వారం తిరిగేసరికి తుప్పు చుక్కలు మచ్చలయ్యాయి, రెండు మొక్కల కింది ఆకులు ముట్టుకుంటే రాలాయి. వేళ్ళు కుళ్ళాయేమో అని మూత ఎత్తి చూశాను. తెల్లగా, ఉన్ని పోగుల్లా బాగున్నాయి. వాసన కూడా లేదు. నీళ్ళు మరీ చల్లగా లేవు. పురుగు లేదు, భూతద్దంతో ఆకు అడుగులు కూడా చూశాను.

ఆ వారం ఎక్కువసేపు అక్కడే కూర్చున్నాను. పొద్దున వెళ్తే భోజనం వేళకి వచ్చేవాణ్ణి. కునుకు పట్టేది. కళ్ళు మూసుకుంటే నువ్వు మొక్కల మధ్య నడుస్తున్నట్టు, ఒక్కో ఆకునీ తిరగేసి చూసి ఏదో గొణుగుతున్నట్టు కనిపించేది. ఏం గొణుగుతున్నావో వినబడేది కాదు. కళ్ళు తెరిస్తే బుడగలు, గులాబీ వెలుతురు, ఫాను గాలికి ఊగుతున్న ఆకులు. ఎన్ని గంటలు గడిచాయో తెలిసేది కాదు. నిన్ను అడుగుదామని రెండుసార్లు కాగితం తీశాను. రెండుసార్లూ 'మొక్కలు బాగున్నాయి' అనే రాశాను.

ఫిబ్రవరి మొదటి సోమవారం మాలాష అవ్వ ఉప్పు కోసం వచ్చి, వంటింటి కిటికీలో ఎండిన ఆకుల వరస చూసింది. ఎనభై ఆరేళ్ళ మనిషి. కళ్ళజోడు తుడుచుకుని ఒక్కొక్కటీ ఎత్తి చూసింది.

"ఆరేళ్ళు వీటిని తిట్టావు. ఇప్పుడు వైద్యం చేస్తున్నావా?"

"తిట్టలేదు అవ్వా. ఊరుకున్నాను."

"నీ ఊరుకోవడం నాకు తెలీదా. గోడ అవతలికి కూడా వినబడేది." ఆకు వాసన చూసింది. "మా అమ్మమ్మ ఈ గింజల నూనె బంగాళాదుంపల మీద పోసేది. మీ తాత కట్టుకొచ్చిన మొలతాడు దేని నారతో పేనారనుకున్నావు? సముద్రం దాటి వచ్చాక మీకు పట్టుబట్టల బుద్ధులొచ్చాయి."

నేను జబ్బు గురించి చెప్పాను. మెగ్నీషియం, కాల్షియం, ఇనుము అన్నీ ఒకేసారి తక్కువయ్యాయని, అన్నీ పోశాననీ, ఏదీ పట్టలేదనీ. అవ్వ కుర్చీలో కూర్చుంది.

"అన్నీ పళ్ళెంలో ఉండి కూడా బిడ్డ తినట్లేదంటే, వంట తప్పు కాదు. నోట్లో ఏదో ఉంది. నీళ్ళ పులుపు చూశావా?"

"రోజూ చూస్తున్నాను. పెన్ను సరిగ్గానే చూపిస్తోంది."

"పెన్ను." అవ్వ నవ్వింది. "డెబ్బై ఏళ్ళు జాడీల్లో ఊరగాయ పెట్టినదాన్ని. పులుపు చూడ్డానికి పెన్నెందుకు? ఊదా క్యాబేజీ ఉందా?"

ఉంది. నాలుగు ఆకులు తరిగి ఉడకబెట్టించింది. నీళ్ళు ముదురు ఊదాగా వచ్చాయి. వాటిని గాజు గ్లాసుల్లో పోసి కిటికీలో పెట్టింది. ఒక దాంట్లో వెనిగర్ పోస్తే గులాబీ అయింది. ఒక దాంట్లో వంట సోడా వేస్తే ఆకుపచ్చ నీలం. నీ మొక్కల బకెట్లోంచి గరిటెడు తెచ్చి మూడో దాంట్లో పోశాను. కొంచెం ఊదాగానే మిగలాలి, నీ పుస్తకం అంకె నిజమైతే. నా కళ్ళముందే నీలంగా మారింది.

"అదీ," అంది అవ్వ. "ఆ నీళ్ళల్లో పులుపెక్కడుంది? మన బావి సున్నం అంతా అందులోనే ఉంది. ఎంత ఎరువు పోసినా వేళ్ళకి గొంతు దిగదు."

అప్పటికీ నేను పెన్నునే నమ్మాను. తెచ్చి వెనిగర్ గ్లాసులో ముంచాను. అయిదూ ఎనిమిది. టీలో ముంచాను. అయిదూ ఎనిమిది. అవ్వ తన పాల గ్లాసు జరిపింది. పాలలోనూ అయిదూ ఎనిమిదే. అవ్వ పొట్ట పట్టుకుని నవ్వింది, ఇంత ఒకే మాట మీద నిలబడేవాణ్ణి మన ప్రార్థన మందిరానికి పెద్దగా చెయ్యొచ్చు అంది. నాకు నవ్వు రాలేదు.

మర్నాడే నెల్సన్ పట్నానికి వెళ్ళి కొత్త పెన్ను, పరీక్ష కాగితాలు తెచ్చాను. నీళ్ళ అంకె ఏడున్నర దగ్గర ఉంది. పాత నీళ్ళు పారబోసి కొత్తవి నింపి, పులుపు చుక్కలు కొంచెం కొంచెంగా, నాలుగు రోజుల మీద దించాను. ఒక్కసారి దించితే వేళ్ళు బెదురుతాయని నువ్వే రాశావు. ఎనిమిదో రోజున కొనల్లో కొత్త ఆకు వచ్చింది. చిటికెన గోరంత. కిటికీ దగ్గరికి తెచ్చి చూడటానికి తుంచబుద్ధి కాలేదు. దీపాలు రెండు నిమిషాలు ఆపి, టార్చి వేసి చూశాను. పచ్చగా ఉంది ఫెన్యా.

పాతవి మారలేదు. పసుపెక్కిన ఆకు మళ్ళీ పచ్చబడదని నువ్వు రాసిన వాక్యం చదివి కూడా పది రోజులు వాటినే చూస్తూ కూర్చున్నాను. మూడు మొక్కలు దక్కలేదు. ఆరు కోలుకున్నాయి. కానీ పూత చిన్నది. నీ పాత లెక్క ప్రకారం మిట్యాకి అయిదు నెలలకి సరిపోవలసింది మూడు నెలలకే సరిపోతుంది.

ఇంతవరకూ రాసినదంతా నిజమే. కానీ ఒకచోట తేదీ తప్పు రాశాను. కావాలనే రాశాను. ఇప్పుడు దిద్దుతాను. ఈ పేజీ పక్కన పెట్టి లేచి నాలుగుసార్లు పొయ్యిలో కట్టెలు వేసి వచ్చాను, ఇక ఆ పనికీ వంకలు అయిపోయాయి.

మొదటి పసుపు ఆకు నేను చూసింది జనవరి ఇరవై నాలుగున కాదు. తొమ్మిదో తేదీన. మెట్ల మీద పడి ఉంటే పైకి తెచ్చి కిటికీ దగ్గర చూశాను. నా కళ్ళు అలాంటివి వదలవు. ఈనెల మధ్య పసుపు. నీ పుస్తకం తెరవలేదు. నీకు రాయలేదు. ఆ ఆకు పొయ్యిలో వేశాను. వేసి, సంతోషించాను.

వాటంతట అవే పోతే పోనీ అనుకున్నాను. నేను చంపలేదు, నీళ్ళు పోస్తూనే ఉన్నాను, పుస్తకం చెప్పినట్టే చేస్తున్నాను. నువ్వు వచ్చేసరికి ఆ గది ఖాళీగా ఉంటుంది, బంగాళాదుంపలు నిలవ చేసుకుందాం అనుకున్నాను. పదిహేను రోజులు రోజూ దిగి, దీపాలు ఆపి టార్చి వేసి, రోజూ పసుపు ఒక వరస పైకి ఎక్కడం చూస్తూ, నీళ్ళు పోసి వచ్చాను. నీళ్ళు పోస్తున్నవాడి చేతికి ఏ పాపం అంటదని అనుకున్నాను. యుద్ధానికి పోబోమని తుపాకులు తగలబెట్టి, సముద్రం దాటి వచ్చిన తాతల మనవణ్ణి. ఎవరినీ కొట్టకుండా కూడా మనిషి ఎంత చెయ్యగలడో ఆ గదిలో నేర్చుకున్నాను.

పెన్ను సంగతి కూడా అంతే. వాడాక దాని మూతలో తడి ఆరకుండా ఉంచే చుక్కలు వేసి మూయాలని నువ్వు ఎర్ర సిరాతో రాశావు. దీనికి ఇంత మర్యాద దేనికని మొదటి రోజునుంచీ అలాగే అరమీద పారేశాను. ఎండిపోయింది. అది ఎండినందువల్లనే ఒక అంకె మీద ఆగిపోయిందని నెల్సన్ దుకాణంలో కుర్రది చెప్పింది.

మిట్యాని వీపు మీద మోసుకుని దిగిన రోజు, వాడు ఆ ఆకుని చెంపకి ఆనించుకున్నప్పుడు, ఆ ఆకు పసుపుదని నాకు తెలుసు. నేను వాణ్ణి వెనకనుంచి పట్టుకుని నిలబడి ఉన్నాను.

పోయిన గురువారం వాడు వచ్చినప్పుడు చెప్పేశాను. భోజనం అయ్యేదాకా కూడా ఆగలేదు. గిన్నె ముందు పెట్టి, నిలబడే చెప్పాను. వాడు చెంచా కింద పెట్టాడు.

"నాకు తెలుసు బావా."

"ఏం తెలుసు?"

"పలకలో వెంట్రుకంత పగులు ఆమడ దూరంనుంచి చూసేవాడివి. తొమ్మిది మొక్కలు పసుపెక్కితే నీకు కనబళ్ళేదంటే నమ్మమంటావా? ఆ స్టూలు మీద కూర్చుని, వంగిపోయిన ఆకు అంచులు చూడగానే నాకు తెలిసింది."

"మరి అప్పుడే అడగలేదేం?"

"నీ వీపు మీదున్నాను. మెట్ల మధ్యలో అడగమంటావా?"

నేను కూర్చున్నాను. వాడే అన్నాడు. "నా జబ్బుకి పేరు పెట్టడానికి డాక్టర్లకి నాలుగేళ్ళు పట్టింది. నరాల బలహీనత అన్నారు, దిగులు అన్నారు, ఒకాయన పెళ్ళి చేసుకోమన్నాడు. ఆ నాలుగేళ్ళూ నువ్వేమన్నావో గుర్తుందా? మిల్లు పని తప్పించుకోవడానికి నాటకం అన్నావు. అదప్పుడు నాకు కోపం. ఇది అంత కాదులే."

ఆ మాట నేను అన్నట్టు నాకు గుర్తే లేదు ఫెన్యా. వాడికి ఇరవై రెండేళ్ళుగా గుర్తుంది. అన్నానా? నీకు తెలిసే ఉంటుంది. నీ మటుకు నువ్వు ఎప్పుడూ ఎత్తలేదు.

ఆ తక్కువ పడే రెండు నెలలూ ముందే, ఏప్రిల్, మేలలో, పాత మాత్రలు వేసుకుంటానని అన్నాడు. అవి వేసుకుంటే పగలంతా నిద్రేనని నీకు తెలుసు. మే నెల పాటల పండుగలో వాడు ఈసారి పాడలేడు. లైసెన్సున్న కంపెనీ గంజాయి పోస్టులో తెప్పిద్దామన్నాను. "అక్క తెప్పించింది కదా ఒకసారి, దానితో నాకు తల తిరగడమే తప్ప కాళ్ళు విప్పలేదు," అన్నాడు. తర్వాత గిన్నె ముందుకు తోశాడు. "చల్లారింది. వేడి చెయ్యి. మీగడ ఎక్కువెయ్యి, నువ్వు నాకు బాకీ." నవ్వుతూనే అన్నాడు. నేను వేడి చేశాను. మూడు గంటలకి వ్యాను వచ్చేదాకా ఇద్దరం కిటికీలో మంచు పడటం చూస్తూ కూర్చున్నాం. వెళ్ళేటప్పుడు నా మెడ చుట్టూ చెయ్యి వేసి లేవబోయాడు, కుర్చీలోకి ఎక్కించాను.

మొన్న ఆదివారం ప్రార్థనలో ఏం జరిగిందో ఇంకొకరి ద్వారా నీకు చేరకముందే నేనే రాస్తున్నాను. కీర్తనల తర్వాత, ఎవరైనా మాట్లాడతారా అని అడిగినప్పుడు లేచాను. నలభై ఏళ్ళలో నేను లేవలేదు. బల్ల మీద రొట్టె, ఉప్పు, నీళ్ళ కూజా ఉన్నాయి, వాటినే చూస్తూ మాట్లాడాను. మా నేలమాళిగలో ఏం పెరుగుతోందో, ఎవరి కోసమో చెప్పాను. ఆరేళ్ళుగా నా భార్య తలుపు పక్క చివరి బెంచీ మీద ఎందుకు కూర్చుంటోందో మీలో కొందరికి తెలుసు, నాకూ తెలుసు, మనలో ఎవరమూ ఆమెని ముందుకి రమ్మనలేదు అన్నాను. పసుపు ఆకు చూసి పొయ్యిలో వేసిన సంగతి కూడా చెప్పాను. మీ తమ్ముడి పేరు చెప్పి ఆగాను. కూర్చోకుండా అలాగే నిలబడ్డాను.

చెవి మిషను చెడిపోయిందేమో అనుకున్నాను. ముందు వరసలోంచి మాలాష అవ్వ అడిగింది.

"ఇప్పుడు ఆకులు పచ్చగా ఉన్నాయా?"

"కొత్తవి ఉన్నాయి అవ్వా. పాతవి మారవు."

"సరే, అయితే కూర్చో."

కూర్చున్నాను. ఆడవాళ్ళ వైపునుంచి ఎవరో కీర్తన ఎత్తుకున్నారు. అందరూ అందుకున్నారు. పాట సగంలో ఉండగా అవ్వ తన భుజం మీది శాలువా తీసి, మడిచి, పక్కన బెంచీ మీద ఖాళీ చోటులో పెట్టింది. పక్కావిడ జరగబోతే చేత్తో ఆపింది.

"అది ఫెన్యాది," అంది.

ఈ ఉత్తరం చదివాక నువ్వు నాతో మాట్లాడకపోయినా నీ కోపం న్యాయమే. కానీ కోత వేళకి మాత్రం రా. ఎప్పుడు కోయాలో నాకు తెలియదు, ఊహించి కోయను. అప్పటిదాకా రోజుకి రెండుసార్లు నీళ్ళు చూస్తాను, పెన్ను కడిగి మూత పెడతాను. నస్త్యాకి నా నమస్కారం చెప్పు.

ఇట్లు,
నీ భర్త,
లారియన్